కెమెరా ఖరీదైనది, లెన్సూ ఖరీదైనదే కావాలా?

ఏనుగును ఇచ్చి అంకుశం ఇవ్వనట్లు అని పెద్దలు సామెత చెబుతారు. ఈ విద్యాసంవత్సరంలో మా కళాశాలకు అటువంటి ఏనుగే వచ్చింది. గల్ఫు దేశంలో ఉద్యోగం చేస్తూ, చదువుకున్న చోటును మరువని పూర్వ విద్యార్థి ఒకరు మన పత్రిక కోసమని ఒక కెమెరాను కానుకగా పంపారు. అది నికాన్ వారి జడ్ 7 కెమెరాలలో రెండవ తరానిది. 2020లో విడుదలైనప్పుడు అమెరికాలో దాని వెల సుమారు మూడు వేల డాలర్లు. ప్రిన్సిపాల్ గారి గదిలో అందరి సమక్షంలో పెట్టె విప్పాము. కెమెరా ఉన్నది, బ్యాటరీ ఉన్నది, మెడకు తగిలించుకొనే పట్టీ ఉన్నది. లెన్సు మాత్రం లేదు. దాత మీద మాకు లేశమైనా ఫిర్యాదు లేదు. ఆయన తన శక్తికి మించి ఇచ్చారు. అంకుశం సంపాదించుకోవటం మన వంతు.

పరీక్షలు ముగియగానే విద్యార్థుల విజ్ఞానయాత్ర హైదరాబాదుకు బయలుదేరుతుంది. ఆ లోగా లెన్సు కొనాలని కమిటీ పెద్దలు నిశ్చయించారు. ఏ లెన్సు కొనాలన్న విషయంలో మాత్రం రెండు నెలలుగా చర్చ సాగుతూనే ఉన్నది. పత్రికా సంఘంలోని విద్యార్థులుగా మా అభిప్రాయాన్ని ఈ పుటలలో వ్రాయటానికి సంపాదకులు అనుమతించారు. పెద్దల మాటకు ఎదురు చెప్పాలన్న కోరిక మాకు లేదు. ఆ కెమెరాను భుజాన వేసుకొని ఎండలో తిరిగేవారం మేమే గనుక మా మాట కూడ వినదగినదని భావించాము.

అధిక సంఖ్యాకుల ప్రతిపాదన ఇది: ఇంత గొప్ప కెమెరాకు అంత గొప్ప లెన్సే తగును, కనుక 24 నుండి 70 మిల్లీమీటర్ల వరకు నాభ్యంతరం మార్చుకోగల, ఎఫ్ 2.8 జూమ్ లెన్సు కొనాలి. అది మంచి లెన్సే. 2019లో వచ్చిన నాటి నుండి వృత్తిలో ఉన్నవారు దానిని మెచ్చుకుంటూనే ఉన్నారు. అయితే విడుదలనాడు దాని వెల 2,300 డాలర్లు. అనగా దాదాపు ఇంకొక కెమెరా వెల. బరువు 805 గ్రాములు. మేము సూచిస్తున్నది అదే సంస్థ 2021లో విడుదల చేసిన 40 మిల్లీమీటర్ల ఎఫ్ 2 లెన్సు. దాని విడుదల వెల 300 డాలర్లు, బరువు 170 గ్రాములు. మొదటిదాని వెలలో ఇటువంటివి ఏడు కొనవచ్చును. ఈనాడు మన దేశంలో ధరలు దుకాణానికొక తీరుగా ఉండవచ్చును గాని ఆ రెండింటి నడుమ అంతరం మాత్రం ఇంచుమించు అదే రీతిగా ఉన్నది.

చౌకగా వస్తున్నదని ఏదో ఒకటి కొనమని మేము అనటం లేదు. మా వాదానికి మొదటి ఆధారం ఆ కెమెరాయే. పాత కెమెరాలలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం ఉండేది. చిత్రం తీసే క్షణంలో అది పైకి లేచి దారి ఇచ్చేది. ఆ అద్దం కదలటానికి చోటు కావాలి గనుక నికాన్ పాత కెమెరాలలో లెన్సు అంచు నుండి ఫిల్ము వరకు 46.5 మిల్లీమీటర్ల దూరం ఉండవలసి వచ్చింది. కొత్త జడ్ కెమెరాలలో అద్దం లేదు. ఆ దూరం 16 మిల్లీమీటర్లకు తగ్గింది. ఇంతేకాక, చేయి వణికినప్పుడు లోపలి సెన్సార్‌ను దానికి ప్రతిగా కదిలించి చిత్రాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటు ఈ కెమెరాలోనే అమర్చి ఉన్నది. ఒకప్పుడు ఆ సౌకర్యం కోసం ఖరీదైన లెన్సునే కొనవలసి వచ్చేది. ఇప్పుడు కెమెరాకు తగిలించిన ఏ సామాన్యమైన లెన్సుకైనా అది దక్కుతున్నది. కెమెరా ఖరీదైనది కావటం వల్లనే చవక లెన్సుతో మనకు పని జరుగుతుందని గ్రహించాలి.

ఇక నిరుటి సంగతి చెప్పక తప్పదు. నిరుడు యాత్రకు మేము ఒక స్టూడియో వారి వద్ద కెమెరానూ, పెద్ద జూమ్ లెన్సునూ అద్దెకు తెచ్చుకున్నాము. పోయినా పగిలినా పూర్తి వెల చెల్లిస్తామని కాగితం మీద సంతకం చేసి మరీ తెచ్చాము. ఆ సంతకం చేసిన మిత్రుడి తండ్రి కొల్లూరు లంకలలో అరటి గెలలు మోసే కూలి. గోల్కొండ మెట్ల మీద జనం ఒత్తిడిలో ఎవరో తగిలి లెన్సు రాతిగోడకు ఒరుసుకున్నది. దానికేమీ కాలేదు, ముందున్న ఫిల్టరు అద్దం మాత్రమే గీరుకున్నది. ఆ తరువాత మా మిత్రుడు కెమెరాను సంచి నుండి వెలుపలికి తీయలేదు. సాయంకాలం చార్మినారు వద్ద దీపాలు వెలిగినప్పుడు తీయలేదు. లాడ్ బజారులో గాజుల దుకాణాల వద్ద తీయలేదు. అడిగితే, బ్యాటరీ అయిపోయిందని చెప్పాడు. అది అబద్ధమని మాకు తెలుసు. తెలిసినా ఎవ్వరమూ మాట్లాడలేదు. నిరుటి సంచికలో యాత్ర చివరి రోజుకు సంబంధించిన చిత్రం ఒక్కటి కూడ ఎందుకు లేదని అడిగిన పాఠకులకు ఇదే మా సమాధానం.

ఈ అనుభవం తరువాత, లెన్సు ఎంపికలో మొదట వేసుకోవలసిన ప్రశ్న దాని గుణం గురించి కాదని మాకు తోచింది. దానిని ధైర్యంగా చేత పట్టుకోగలమా అన్నదే మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న, మనం తీసే చిత్రాలు ఎటువంటివి అన్నది. ఇది ఊహించి చెప్పవలసిన పని లేదు. గడచిన యాత్రలలో సెల్‌ఫోన్లతోనూ అద్దె కెమెరాతోనూ మిత్రులు తీసిన చిత్రాలన్నింటినీ ఒకచోట చేర్చి చూశాము. ఏ చిత్రం ఏ నాభ్యంతరంతో తీసినదో ఆ చిత్రంలోనే నమోదై ఉంటుంది. చాలా వరకు మనుషుల చిత్రాలే: రైలుపెట్టెలో నిద్రపోతున్నవారు, భోజనానికి కూర్చున్న పంక్తి, శాసనం ముందు నిలబడి వివరిస్తున్న అధ్యాపకులు. తరువాత కట్టడాలు. దూరాన ఉన్నదానిని దగ్గరకు లాగి తీసినవి వ్రేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. 70 మిల్లీమీటర్ల వైపు జూమ్ తిప్పి తీసిన చిత్రాలలో మన పత్రికలో అచ్చయినది ఒక్కటి కూడ కనిపించలేదు.

మూడవది పరీక్ష. తెనాలిలోని ఒక స్టూడియో వారు దయతో ఒక దినం వారి జూమ్ లెన్సును ఎరువిచ్చారు. దాని వలయాన్ని 40 మిల్లీమీటర్ల వద్ద అంటుకాగితంతో బిగించి, వేమూరులో రైలెక్కి భట్టిప్రోలు వెళ్ళాము. తెనాలి నుండి రేపల్లెకు పోయే ఆ చిన్న రైలుమార్గంలోనే భట్టిప్రోలు ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి దిబ్బను త్రవ్వించి, స్తూప గర్భంలో బ్రాహ్మీ లిపి చెక్కిన ధాతుపేటికలను వెలికితీశాడు. ఆ లిపిని పరిశీలించి బ్యూలర్ పండితుడు వ్రాసిన వ్యాసం దేశదేశాల విద్వాంసుల దృష్టిని ఈ ఊరి వైపు త్రిప్పింది. మన చుట్టుప్రక్కల ఇంతకన్న ప్రాచీనమైన వ్రాత దొరకటం అరుదు. అయినా మాలో సగం మంది ఆ రోజే మొదటిసారి అక్కడ కాలు పెట్టామంటే సిగ్గుగానే ఉన్నది.

స్తూపం వెడల్పైనది, ఎత్తు తక్కువ. దగ్గర నిలబడితే 40 మిల్లీమీటర్లలో పట్టదు. జూమ్ ఉన్నట్లయితే నిలుచున్న చోటనే వలయం తిప్పి ఊరుకునేవారం. అంటుకాగితం వేసి ఉన్నందున వెనుకకు నడవవలసి వచ్చింది. నడిచి నడిచి ఆవరణ అంచు వరకు పోయిన తరువాత స్తూపంతో పాటు దాని వెనుక ఊరి ఇండ్లు, ఇటుకల మీద కూర్చున్న మా ఉర్దూ విభాగం మిత్రుడు కూడ చిత్రంలోకి వచ్చారు. ఆ చిత్రమే ఈ సంచిక నడుమ పుటలో అచ్చయింది. తిరుగు ప్రయాణంలో పసుపు వండుతున్న ఒక కళ్ళం వద్ద ఆగాము. ఆవిరి, పొగ, బాన నుండి కొమ్ములను తోడి పట్టా మీద ఆరబోస్తున్న స్త్రీలు. వారి వద్దకు పోయి, అనుమతి అడిగి, నాలుగడుగుల దూరం నుండి తీశాము. ముఖాలూ వచ్చాయి, చేతులూ వచ్చాయి, వెనుక ఉన్న బానా వచ్చింది.

జూమ్ లేకపోతే చేజారేవి లేవా అంటే ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులను తీయాలంటే ఈ లెన్సు ఎందుకూ కొరగాదు. కాని 24–70 జూమ్ కూడ కొరగాదు. పక్షులకు దానికి అయిదారు రెట్లు పొడవైన నాభ్యంతరం కావాలి. కుతుబ్ షాహీ సమాధులలో గుమ్మటం క్రింద నిలబడి పైకప్పు మొత్తాన్ని ఒకే చిత్రంలో బంధించటం కూడ 40 మిల్లీమీటర్లతో సాధ్యం కాదు. అందుకు మార్గం మన జేబులోనే ఉన్నది. ఈనాటి సెల్‌ఫోన్లలో ప్రధాన కెమెరా చూపు సుమారు 24 నుండి 26 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. విశాలమైన చూపు గల లెన్సును మనలో చాలామంది ఇప్పటికే మోస్తున్నాము. డబ్బు వెచ్చించవలసింది ఫోను చేయలేని పనికి.

కొంచెం దూరపు వస్తువు కావలసినప్పుడు ఏమి చేయాలన్నది గణిత విభాగం మిత్రుల ప్రశ్న. వారికి లెక్కతోనే సమాధానం చెబుతాము. మన పత్రిక పుట ఏడు అంగుళాల వెడల్పు, తొమ్మిదిన్నర అంగుళాల పొడవు. అంగుళానికి 300 చుక్కల చొప్పున పుట నిండా చిత్రం అచ్చు వేయటానికి సుమారు 60 లక్షల చుక్కలు చాలును. ఈ కెమెరా ఒక్కొక్క చిత్రంలో 4 కోట్ల 50 లక్షల చుక్కలను నమోదు చేస్తుంది. చిత్రం అంచులు కత్తిరించి, 60 మిల్లీమీటర్ల లెన్సు చూపించేటంత భాగాన్ని మాత్రమే ఉంచుకున్నా 1 కోటి 90 లక్షలకు పైగా మిగులుతాయి. అచ్చుకు కావలసినదానికి అది మూడు రెట్లు. కెమెరాకు పెట్టిన ఖరీదులో కొంత భాగం ఈ విధంగా మనకు జూమ్‌గా ఉపయోగపడుతున్నది.

ఉర్దూ విభాగం మిత్రులొకరు మధ్యేమార్గం సూచించారు. వెల తక్కువైన జూమ్ కూడ ఉన్నది కదా, 24–50 మిల్లీమీటర్లది, 195 గ్రాములే బరువు; అది కొంటే ఇరుపక్షాలకూ సంతోషమే కదా అన్నారు. పగటి వెలుతురులో తిరిగే యాత్ర అయితే మేము ఆ మాటకే తలయొగ్గేవారం. చిక్కల్లా వెలుతురు దగ్గరనే వస్తున్నది. ఆ లెన్సును 50 మిల్లీమీటర్లకు త్రిప్పినప్పుడు దాని రంధ్రం ఎఫ్ 6.3 కంటె ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 2 వద్ద ప్రవేశించే కాంతిలో అది పదవ వంతు. కెమెరాలో వణుకును అరికట్టే ఏర్పాటు ఉన్నది కదా అంటారేమో. ఆ ఏర్పాటు మన చేతి వణుకును అరికడుతుంది గాని ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలకు పొదిగిన రంగుపలకలు ఎంతసేపైనా కదలకుండా ఉంటాయి. లాడ్ బజారు వెనుక సందులో బొగ్గుల కుంపటి ముందు కూర్చొని లక్కను సాగదీసి గాజుగా చుట్టే పనివాని చేతులు ఉండవు. ఆ చేతుల కోసమే నిరుడు మేము అంత దూరం పోయి, సంచి విప్పకుండా తిరిగి వచ్చాము.

పాత లెన్సుల పక్షం వారు కూడ ఉన్నారు. తెనాలి, గుంటూరు స్టూడియోలలో వాడి పక్కన పెట్టిన పాత నికాన్ 50 మిల్లీమీటర్ల లెన్సులు కొద్ది డబ్బుకే దొరుకుతాయి. వాటిని జడ్ కెమెరాకు తగిలించాలంటే, ఇంతకుముందు చెప్పిన 46.5, 16 మిల్లీమీటర్ల నడుమ తేడాను పూరించే ఒక గొట్టం వంటి అడాప్టరు కావాలి. నికాన్ వారి అడాప్టరు విడుదల వెల 250 డాలర్లు. మేము కోరుతున్న కొత్త లెన్సుకు దానికన్న యాభై డాలర్లే ఎక్కువ. పైగా, కెమెరాలోని మోటారు త్రిప్పితేనే ఫోకస్ కుదిరే పాతరకం లెన్సులకు ఆ అడాప్టరుతో ఫోకస్ తనంతట తాను కుదరదు, చేతితో త్రిప్పుకోవాలి. ఇంకొక హెచ్చరిక కూడ అవసరం. మనది సముద్రానికి దగ్గరి డెల్టా. గాలిలో తేమ ఎక్కువ. ఏళ్ళ తరబడి బీరువాలో మూలుగుతున్న లెన్సు లోపల సాలెగూడు వంటి బూజు పెరుగుతుంది. ఎవరైనా పాత లెన్సు కొనదలచుకుంటే వెనుక నుండి టార్చిలైటు వేసి, ముందు నుండి చూసి కొనండి. రేపు కొనబోయే కొత్త లెన్సును కూడ మూత బిగుతైన డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు దాచకపోతే దానికీ అదే గతి పడుతుంది. కమిటీ వారు ఆ డబ్బాకు కూడ కొంత సొమ్ము మంజూరు చేయ ప్రార్థన.

మేము కోరుతున్న లెన్సును కెమెరాకు బిగించే వలయం ప్లాస్టిక్‌దని, లోహంది కాదని ఒక ఆక్షేపణ ఉన్నది. నిజమే. రోజూ పదిసార్లు లెన్సులు మార్చేవారికి అది ఆలోచించవలసిన సంగతి. మనకు ఉండేది ఒక్క లెన్సు. ఒకసారి బిగిస్తే మరల తీసే పని పడదు.

ఒకే లెన్సుతో ఏమి సాధిస్తారని నవ్వేవారు కొందరున్నారు. 1948 జనవరి చివర ఢిల్లీలో గాంధీజీ అంతిమయాత్రను చిత్రించిన ఫ్రెంచివాడు ఆన్రీ కార్తియే బ్రెసాన్ తన జీవితకాలపు పనిలో అధికభాగం 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే చేశాడు. మనం ఆయనతో పోల్చుకోదగినవారం కాము. కాని సాధనం ఒక్కటే కావటం ఆయనకు లోటు కాలేదన్నది చరిత్ర.

ఈ సందర్భంలో, కమిటీ సమావేశంలో ఒక పెద్దాయన లేవనెత్తిన అభ్యంతరాన్ని గౌరవంతో ప్రస్తావించాలి. విద్యార్థుల చేతికి కెమెరా ఇస్తే దారిన పోయే స్త్రీలను, నమాజులో ఉన్నవారిని తీస్తారని ఆయన భయం. అది త్రోసివేయదగిన మాట కాదు. తస్వీర్ విషయంలో మన పెద్దలలో కొందరికి ఉన్న సంకోచం కూడ మాకు తెలియనిది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్ ఈ సమస్యను తన కాలంలోనే ఎదుర్కొన్నాడు. సికింద్రాబాదులో 1886లో స్టూడియో పెట్టిన ఆయన, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. స్త్రీల ఇష్టాన్ని, మర్యాదను నిలిపి చిత్రం తీయవచ్చునని ఆయన చేసి చూపాడు. పొడవైన లెన్సుతో వీధి ఆవలి నుండి, ఎదుటివారికి తెలియకుండా చిత్రం దొంగిలించవచ్చును. 40 మిల్లీమీటర్ల లెన్సుతో అది కుదిరే పని కాదు. ముఖం కావాలంటే ఎదుటికి పోవాలి, సలాము చెప్పాలి, అడగాలి. వద్దంటే కెమెరా దించాలి. పసుపు కళ్ళం వద్ద ఒక అవ్వ వద్దన్నది, దించాము. ఆమె పక్కనున్న అక్క తీయమన్నది, తీశాము. విద్యార్థినులు కూడ కెమెరా పట్టుకోవాలనీ, వారి చిత్రాలను వారే తీసి, వారే ఎంపిక చేసుకోవాలనీ మా సంఘం తీర్మానించింది. 170 గ్రాముల లెన్సు అయితే ఎవరి భుజానికైనా బరువు కాదు.

చివరగా డబ్బు సంగతి. లెన్సు కోసం కమిటీ కేటాయించదలచిన మొత్తం విద్యార్థి సంక్షేమ నిధి నుండి వస్తున్నది. యాత్రకు చందా కట్టలేని విద్యార్థులకు సహాయం అందవలసింది కూడ ఆ నిధి నుండే. నిరుడు నిధి చాలలేదని ఇద్దరు మిత్రులు ఆగిపోయారు. బయలుదేరే రోజున వారు తెనాలి స్టేషనుకు వచ్చి, మా సామాన్లు పెట్టెలోకి అందించి, రైలు కదిలేవరకు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. వారిలో ఒకడు మా తరగతిలో అందరికన్న బాగా ఉర్దూ చదువుతాడు. కుతుబ్ షాహీ సమాధుల మీది వ్రాతలను మాకు చదివి చెప్పగలిగినవాడు వాడొక్కడే. వాడు లేనందున ఆ వ్రాతల ముందు ఫొటోలు దిగి వచ్చాము గాని అక్కడ ఏమి వ్రాసి ఉన్నదో తెలుసుకోలేకపోయాము. రెండు లెన్సుల వెలల నడుమ ఉన్న తేడాతో ఈసారి అటువంటి మిత్రులందరూ రైలెక్కవచ్చును.

కనుక మా మనవి ఇది. 40 మిల్లీమీటర్ల లెన్సు, దానికొక మూత డబ్బా కొనండి. మిగిలిన సొమ్మును యాత్ర చందా ఖాతాకు మార్చండి. లెన్సు యాత్రకు నెల రోజుల ముందే చేతికి అందేటట్లు చూడండి. బయలుదేరే ముందురోజు అందిన లెన్సుతో చార్మినారు వద్ద నిలబడి మీటలు వెదుక్కోవలసిన అవస్థ మాకు వద్దు. ఆ నెల రోజులూ వేమూరు వీధులలో, కాలువ గట్ల మీద, చందవోలు గుడి దగ్గర, మన తరగతి గదులలో అభ్యాసం చేస్తాము. భట్టిప్రోలులోనూ, పసుపు కళ్ళం వద్దనూ తీసిన పదహారు చిత్రాలను గ్రంథాలయం వరండాలో, ఉర్దూ పత్రికల బల్ల ప్రక్కన అంటించాము. కమిటీ పెద్దలు తదుపరి సమావేశానికి వచ్చే దారిలో ఒక్క పది నిముషాలు వాటి ముందు ఆగవలసిందిగా కోరుతున్నాము.